అభ్యాసకుల కోసం పుట్టిన పియానో రచనలు

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక హైటెక్ సిటీ చుట్టూ కొత్త నివాసాలు పెరిగాయి. అక్కడ ఉద్యోగం ముగించుకొని వచ్చి, 61 కీల కీబోర్డు ముందు కూర్చునే మధ్యస్థాయి అభ్యాసకులు మీరైతే ఏ రచనను ఎంచుకోవాలి? చరిత్ర ఇందుకు దారి చూపుతుంది.

బాఖ్ 1723లో 15 ఇన్వెన్షన్లను నేర్చుకునేవారి కోసమే సమకూర్చాడు. అవి నాలుగు స్థాయిల (ఆక్టేవుల) పరిధిలోనివి కనుక మీ కీబోర్డుకు సరిపోతాయి. 18వ శతాబ్ది చివర లండన్ సంపన్న, మధ్యతరగతి ఇళ్లలోకి పియానో ప్రవేశించింది; అభ్యాసకులకు తగిన రచనలకు గిరాకీ పెరిగింది. క్లెమెంటి 1797లో ప్రచురించిన ఆరు సొనాటినాలు (ఓపస్ 36) ఆ అవసరాన్ని తీర్చాయి. షూమన్ 1848లో రాసిన 'ఆల్బమ్ ఫర్ ది యంగ్' రెండు భాగాల్లో రెండోది కాస్త పెద్ద పిల్లలకు ఉద్దేశించినది.

బీథోవెన్ 'ఫర్ ఎలీస్' (1810) సంగతి వేరు. అది పాఠంగా పుట్టలేదు. ఆయన మరణించిన 40 ఏళ్లకు, 1867లో అచ్చయింది. సులువైన ఆరంభాన్ని నమ్మి మొదలుపెట్టినవారు వేగవంతమైన మధ్యభాగాల వద్ద ఆగిపోతారు. నిరాశతో అభ్యాసమే మానేసే ప్రమాదముంది. కాబట్టి ఏ రచననైనా ముందుగా దాని కఠినమైన చోట పరీక్షించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీరు ఎంచుకున్న రచన ఎవరి కోసం, ఏ అవసరం కోసం పుట్టింది?