తొలగించి కట్టిన మస్జిద్

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. దైవప్రవక్త (స)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! జుమా వేళ నాంపల్లి, ఆబిడ్స్ మస్జిదులు చాలక మనం ఆవరణల్లోనూ జానమాజులు పరచుకుంటాం. విస్తరణ మాట రాగానే మన ఆలోచన మీనార్ల మీదికీ, పాలరాతి మీదికీ పోతుంది. కేరళ సాగరతీర ప్రాంతమైన కొడుంగల్లూరులోని చేరమాన్ జుమా మస్జిద్ ఈ విషయంలో మనకు గుణపాఠం.

ప్రాచీన ముజిరిస్ రేవు ఉన్న ప్రాంతమది. మిరియాల కోసం వచ్చే అరబ్బు వర్తకులతోనే అక్కడికి ఇస్లాం సందేశమూ చేరింది. క్రీ.శ. 629లో మాలిక్ బిన్ దీనార్ ఆ మస్జిద్‌ను కట్టారని సంప్రదాయం చెబుతోంది. చరిత్రకారులందరూ ఆ తేదీని అంగీకరించరు. పెంకుల కప్పుతో అది కేరళ ఇళ్ళ తీరులోనే ఉండేది. లోపలి ఇత్తడి దీపానికి ఇతర మతస్థులు కూడా నూనె సమర్పిస్తారు.

20వ శతాబ్దిలో జనం పెరిగారు. కాంక్రీటు కట్టడాలు, మీనార్లు లేచాయి. పాత మస్జిద్ వాటి వెనుక మరుగుపడింది. ఇటీవల ముజిరిస్ వారసత్వ పథకం కింద ఆ కాంక్రీటును తొలగించి పూర్వరూపం తెచ్చారు. అదనపు నమాజు స్థలాన్ని నేల అడుగున ఏర్పరచారు.

మదీనాలో మహాప్రవక్త (స) స్వయంగా ఇటుకలు మోసి కట్టిన మస్జిద్‌కు ఖర్జూరపు మానులే స్తంభాలు, మట్టలే కప్పు. కనుక చందా ఇచ్చేముందు యోచిద్దాం: మనం కోరేది నమాజుకు చోటా, రాతిపై మన పేరా? ఆడంబరాన్ని తొలగించుకొనే బలాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.