హృదయ ధమనుల చికిత్స: చేతి నేర్పు, యంత్రపు తోడు

గుండె కండరమునకు రక్తమునందించు ధమనుల వ్యాసము సుమారు 3, 4 మిల్లీమీటర్లు మాత్రమే. వాటిలో కొవ్వు పేరుకొని దారి ఇరుకైనచో ఛాతీనొప్పి కలుగును. దారి పూర్తిగా మూసికొన్నచో ప్రాణమునకే ముప్పు. ఇంత సన్నని నాళములోనికి బయటినుండి పనిముట్టును పంపుట ఎట్లు సాధ్యమయ్యెను?

1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డె పట్టణమున వెర్నర్ ఫార్స్‌మన్ అను యువ వైద్యుడు తన చేతి సిరగుండా సన్నని గొట్టమును గుండెవరకు తానే పంపుకొని, ఎక్స్-కిరణముల గదికి నడచిపోయి ఛాయాచిత్రము తీయించుకొనెను. 1956లో మరి ఇరువురితోపాటు ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. 1977 సెప్టెంబరు 16న జ్యూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్, మెలకువగానున్న రోగి హృదయ ధమనిలో చిన్న బుడగను ఉబ్బించి దారి తెరచెను. కాని తెరచిన దారి కొందరిలో మరల ఇరుకగుచుండెను. అందుచే 1986లో ఫ్రాన్సున జాక్ ప్యూల్, స్విట్జర్లాండున ఉల్రిక్ సిగ్వార్ట్ ధమనిలో లోహపు వలగొట్టమును నిలిపిరి. అదియే స్టెంటు.

ఈ పనియంతయు వ్రేళ్ళ నేర్పుపై ఆధారపడినది. మణికట్టు లేదా తొడ ధమనినుండి పంపిన గొట్టములో, సుమారు 0.36 మిల్లీమీటరు మందముగల తీగను వైద్యుడు మెల్లగా త్రిప్పుచు ముందుకు నడపును. తీగ ఎచ్చటనైన అడ్డుతగిలినచో ఆ ఒత్తిడి ఆయన వ్రేళ్ళకు తెలియును. అయితే చికిత్స సాగినంతసేపు రోగి శరీరమునుండి చెదరిన ఎక్స్-కిరణములు ఆయనపై పడుచుండును. వాటినుండి రక్షణకై సీసపు కవచము ధరించి గంటల తరబడి నిలువవలెను. ఏండ్లు గడచుసరికి నడుమునొప్పి, కంటిలో శుక్లము వంటి బాధలు రావచ్చును. రోగిని కాపాడు చేయి తన దేహమునే పణముగా ఒడ్డుచున్నది!

చెదరిన కిరణముల తీవ్రత దూరముతో త్వరగా తగ్గును. దూరము రెట్టింపైనచో తీవ్రత ఇంచుమించు నాల్గవ వంతగునని మన విద్యార్థు లెరుగుదురు. ఈ సూత్రమునకు సీసపు తెరను జోడించిన యెడల వైద్యుని కాపాడవచ్చును. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరమున రఫాయెల్ బెయార్ బృందము అట్టి యంత్రమును రూపొందించి, తొలుత 18 మంది రోగులపై పరీక్షించి 2006లో ఫలితములు ప్రకటించెను. వైద్యుడు తెర వెనుక కూర్చుండి మీటలు కదల్చును; రోగి ప్రక్కనున్న మోటార్లు తీగను త్రిప్పును, స్టెంటును నెట్టును. 164 మంది రోగులపై జరిగిన మరియొక పరీక్ష ఫలితములు 2013లో వెలువడెను. అందు 162 మందికి చేతిపని అవసరము లేకయే యంత్రముతో పని పూర్తియయ్యెను. రోగి బల్లయొద్ద పడెడు కిరణములతో పోల్చగా, తెర వెనుకనున్న వైద్యునిపై పడినవి 95 శాతము తక్కువ.

అయితే ఆ పరీక్షకు ఎన్నుకొన్నవి అంత జటిలము కాని ఇరుకులు. చేతితో చికిత్స పొందిన వేరొక జట్టుతో పోల్చి చూచినదియు లేదు. వంకరలు తిరిగిన ధమనులలోను, సున్నము గట్టిపడిన చోట్లను, వైద్యుడు యంత్రమును వదలి తిరిగి చేతినే నమ్ముకొనవలసి వచ్చుచుండెను. అడ్డుతగిలిన స్పర్శ మీటద్వారా వ్రేళ్ళకు చేరలేదు. బల్లయొద్ద నిలచిన సహాయకులకు కిరణముల బెడదయు పూర్తిగా తొలగలేదు.

2018 డిసెంబరులో తేజస్ పటేల్ గాంధీనగర్‌నుండి మీటలు కదల్చి, సుమారు 32 కిలోమీటర్ల దూరమున అహ్మదాబాదులోనున్న రోగులకు చికిత్స చేసెను. అప్పుడును రోగి ప్రక్కన వైద్యబృందము సిద్ధముగా నుండెను. ఆ యంత్రనిర్మాణ సంస్థను 2019లో కొనిన సీమెన్స్ హెల్తినీర్స్, 2023లో హృదయ చికిత్సనుండి దానిని విరమించుకొనుచున్నట్లు ప్రకటించెను.

యంత్రము వైద్యునికి చేసిన మేలు కొలతకు అందినది. రోగికి చేతి చికిత్సకంటె మిన్నయగు ఫలము నిచ్చునని మాత్రము రుజువు కాలేదు. ఈ రెండింటిని వేరుచేసి చూచుటయే శాస్త్రదృష్టి. చేతి నేర్పును పోగొట్టుకొనకుండ ఆ చేతిని కాపాడు ఉపాయము నింకను వెదకవలసియే యున్నది.