అంచు మీద పేరు

ఇల్లు సర్దడంలో రెండు పద్ధతులున్నాయి. దసరాకు ముందు కొంగు నడుముకు బిగించి, ఇంటిల్లిపాదినీ కేకలేసి, ఒక్కరోజులో ఇల్లంతా బోర్లించడం ఒకటి. దానివల్ల నడుం పట్టేస్తుంది. పైగా పారేసినదాంట్లో సగం మర్నాటికి మళ్ళీ ఇంట్లోకే చేరుతుంది. వారానికో అల్మారా, నెలకో అటక చొప్పున తాపీగా ఖాళీ చేసుకుంటూ పోవడం రెండోది. నాది ఆ రెండో కోవ. సూర్యాపేటలో మా అత్తవారి పాత ఇంటిని ఏడాదిగా అలాగే తేలికచేస్తున్నాను. ఇందులో ఒక్కటే చిక్కు. తీరిక ఉంటుంది కనుక ప్రతి వస్తువునూ తిప్పి చూస్తాం. రాతలుంటే చదువుతాం. చదివామా, ఇక అది సామాను లెక్కలోంచి తప్పుకుని దస్తావేజుల్లో చేరిపోతుంది.

నవ్వకండి, మన పాత ఇత్తడి సామాను నిజంగానే దస్తావేజు. గుండిగ మెడ మీదా, బిందె అంచు మీదా, చెంబు అడుగునా చుక్కలు చుక్కలుగా పొడిచిన అక్షరాలుంటాయి చూడండి. కొన్న దుకాణంలోనే పొడిచి ఇచ్చేవారు. ఎవరికి ఇచ్చారో, ఎవరు ఇచ్చారో, ఒక్కోసారి ఏ సంవత్సరమో కూడా అందులో ఉంటుంది. మా అటక మీద దొరికిన ఒక గుండిగ మీద ఒక స్త్రీ పేరూ, దాని పక్కన ఫసలీ 1352 అనీ ఉంది. నిజాం రాజ్యంలో సర్కారు లెక్కలన్నీ ఫసలీలోనే నడిచేవి. దానికి 590 కలిపితే ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అంటే ఆ గుండిగ 1942-43 నాటిదన్నమాట.

అదే ఇంట్లో ఇనప్పెట్టెలో భూమి కాగితాలున్నాయి. ఆనాటి కచేరీ భాష ఉర్దూ కనుక అవన్నీ ఉర్దూలో ఉన్నాయి. తెలిసినవారిచేత చదివించుకుంటే తాత, ముత్తాత, వాళ్ళ అన్నదమ్ములు, పాలివాళ్ళు అందరూ వచ్చారు. ఆడపేరు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ ఇంట్లో ఆడవాళ్ళ పేర్లు రాసి ఉన్నది గిన్నెల మీదే. ఆ సంగతి గమనించాక పాతసామాను తూకానికి వేసే చెయ్యి కాస్త నెమ్మదించింది.

అసలు మన నాయనమ్మల కాలంలో ఇంట్లోంచి పారేసేదంటూ ఏముండేది గనక! చీర చిరిగితే లంగా అయ్యేది, లంగా చిరిగితే బొంతలో పొర అయ్యేది. బొంత నలిగితే గచ్చు తుడిచే పాత, చివరికి పొయ్యి మీంచి గిన్నె దించే మసిగుడ్డ. పొయ్యిలో బూడిద గిన్నెలు తోమడానికి, పేడా చెత్తా పెంటకు, పెంట పొలానికి. పగిలిన కుండ అడుగున కోళ్ళకు నీళ్ళు. ఈ లెక్కన వస్తువు ఇల్లు వదలడానికి ఇరవై ఏళ్ళు పట్టేది. తాపీగా సర్దడమంటే అదీ!

హడావుడిగా ఇల్లు ఖాళీ చేసిన రోజులు కూడా ఈ ప్రాంతానికి లేకపోలేదు. 1947-48లో రజాకార్ల భయానికి నల్లగొండ జిల్లా కుటుంబాలు ఎన్నో రాత్రికి రాత్రి సరిహద్దు దాటి కృష్ణా జిల్లాకు వెళ్ళాయి. ఒక్క బండిలో పట్టినంతే సామాను. మా పుట్టిల్లు కోదాడ. అక్కడ పెద్దవాళ్ళు చెప్పుకునేవారు, బరువైన ఇత్తడిని బావిలోకి దించి, మూటలో బియ్యమూ పసిపిల్లల బట్టలూ మాత్రమే పట్టుకుపోయినవాళ్ళ సంగతి. ఏది ఉంచాలి, ఏది వదలాలి అని ఆలోచించడానికి గంట టైము కూడా దొరకలేదు వాళ్ళకు. సెప్టెంబరు 1948లో పోలీసు చర్య తర్వాత తిరిగొచ్చి, బావి తోడించి, దొరికినవి దొరికినట్టు తోముకున్నారు.

కోదాడకు ఇంకో తమాషా ఉంది. పక్కనే మునగాల పరగణా. చుట్టూ నిజాం రాజ్యమే అయినా, అది మాత్రం ఇంగ్లీషువాళ్ళ కృష్ణా జిల్లాలో భాగం. కాబట్టి మా వైపు ఇళ్ళలో ఇల్లాలి కొంగుముడిలో రెండు రకాల డబ్బుండేది. ఇటు చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా, అటు కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు సర్కారు లెక్క. బడి ముఖం చూడని ఆడవాళ్ళు కూరగాయల బేరంలో ఆ లెక్క నోటితో కట్టేసేవారంటే, ఇవాళ మిషను మీద నొక్కుకునే నాకు సిగ్గేస్తుంది. తర్వాత 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలొచ్చాయి. 1959 నాటికి హాలీ డబ్బు చెల్లకుండానే పోయింది. పోపులడబ్బాలో దాచుకున్నవి కొందరికి బిళ్ళలయ్యాయి, కొందరికి మెడలో కాసులయ్యాయి. చెల్లని డబ్బును కూడా ఆడవాళ్ళు చెల్లించారు!

డబ్బును కుండలో దాచడం ఈ నేలకు కొత్త కాదు లెండి. సూర్యాపేట జిల్లాలోనే ఉన్న ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో 2024లో తవ్వితే ఒక మట్టికుండ నిండా సీసపు నాణేలు బయటపడ్డాయి. లెక్కపెడితే 3,730. ఇక్ష్వాకుల నాటివి. దాచినవారు తిరిగి వచ్చి తీసుకోలేదు, అంతే.

డబ్బు వెనకాలే కొలతలూ వెళ్ళిపోయాయి. 1956లో చట్టం చేసి, 1962 నాటికి దేశమంతటా కిలోలూ లీటర్లూ తెచ్చారు. దాంతో సేరు, వీశె, మణుగు బజారులో చెల్లలేదు. మానిక, తవ్వ, సోల, గిద్ద మాత్రం వంటింట్లోంచి కదలలేదు. అన్నానికి బియ్యం ఇవాళ కూడా సోలతోనే పోసే ఇళ్ళు మా వైపున్నాయి. వంటింటి దాకా రావడానికి సర్కారుకు కూడా టైము పడుతుంది మరి.

మా ఇళ్ళలో అన్నిటికంటే ఎక్కువ జాగా ఖాళీ చేయించింది మాత్రం నీళ్ళు. మిర్యాలగూడలో మావారి మేనత్త ఉంది. ఆమె పుట్టిపెరిగిన కాలానికి ఆ చుట్టుపక్కలంతా మెట్టపంటలు. జొన్న, సజ్జ, కంది, ఆముదం. పండినది ఏడాదంతా ఇంట్లోనే ఉండాలి. అందుకని వెదురుతో అల్లి పేడ అలికిన గుమ్ములు, నేలలో తవ్విన పాతరలు, కాగులు, మనిషెత్తు గాబులు. ఇంటికి సగం భాగం గింజలది, మిగతా సగం మనుషులది. తెల్లారుజామున ఇసుర్రాయి చప్పుడు లేని ఇల్లు ఉండేది కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమకాలువకు లాల్‌బహదూర్ కాలువ అని పేరు. ఆ నీళ్ళు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలకు చేరాక జొన్నచేను వరిమడి అయింది. వరి ఇంట్లో కూర్చునే గింజ కాదు, కళ్ళంలోంచి నేరుగా మిల్లుకు పోతుంది. మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊరైపోయింది. గుమ్ములు ఖాళీ. పాతరలు పూడ్చేశారు. ఇసుర్రాయి గోడవార తులసికోట పక్కకు చేరింది. మేనత్త ఇంట్లో గుమ్ములున్న అర్రలో తర్వాత మనుమరాలు టేబులు వేసుకుని చదువుకుంది. గింజలు వదిలిన జాగాలో చదువు కూర్చుంది, అది బాగుంది.

అయితే ఆ సాగరమే, మన దేశంలోనే పెద్ద ఇల్లుసర్దడాన్ని కూడా చేయించింది. ఆనకట్ట కడితే నాగార్జునకొండ లోయ మొత్తం మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవాళ్ళు అక్కడ తవ్వకాలు చేశారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడే. అంతా మోసుకుపోలేరు కదా! కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి కొండమీదికి ఎక్కించి తిరిగి పేర్చారు, కొన్నిటికి నమూనాలు చేశారు, శిల్పాలనూ శాసనాలనూ దాచారు. మిగిలింది నీళ్ళ కిందికి పోయింది. దాచిన శాసనాల్లో ఏముందనుకున్నారు? చాంతమూల మహారాజు సోదరి చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు చేయించి వేయించుకున్న పేరు ఉంది. బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించి, పుణ్యంలో పాలు పంచుకోమని పుట్టింటివారినీ మెట్టినింటివారినీ వరసపెట్టి చెప్పుకున్న రాత ఉంది. మూడో శతాబ్దంలో, ఈ కృష్ణ ఒడ్డున, దానం చేసిన ఆడవాళ్ళు తమ పేరు రాతి మీద వేయించుకున్నారు. ఆ తర్వాత ఎప్పుడో మన పేరు రాతి మీంచి జారి చెంబు అంచు మీదికి వచ్చినట్టుంది.

చెంబును ఇంట్లోంచి పంపించింది స్టీలు. 1970లు, 80లలో జరిగిన ఈ మార్పు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇత్తడిలో పులుసు పెడితే చిలుం. దానికి కలాయి వేయించాలి, చింతపండు పెట్టి తోమాలి, మోయాలంటే రెట్టలు పోతాయి. స్టీలుకు ఆ బాధల్లేవు. పైగా పాతచీరలు, ప్యాంట్లు తీసుకుని స్టీలుగిన్నెలు ఇచ్చే ఆడవాళ్ళు గంపలతో మధ్యాహ్నం పూట వీధుల్లోకి వచ్చేవారు. వాళ్ళతో ఆ బేరం, ఒక జరీచీర చూపించి గిన్నెకు బదులు బక్కెట్టు లాగడం, ఆ మజా ఏ షాపులో వస్తుంది చెప్పండి! ఆ బేరాలకు ఇల్లాలే యజమాని.

ఇత్తడి విషయం అలా కాదు. మూటకట్టి బజారుకు తీసుకెళ్ళింది ఎక్కువగా మగవాళ్ళే. పిల్ల ఫీజుకో, ఎరువుల బాకీకో, ఆసుపత్రికో అవసరం పడేది. కాదనడానికి లేదు. తూకం వేసేవాడు వీశెల లెక్కనో కిలోల లెక్కనో కట్టి డబ్బిస్తాడు, సామాను కొలిమికి పోతుంది. పేరు కరగడానికి ఎంతసేపు! అది పుట్టింటివాళ్ళు పెట్టిన సామాను, స్త్రీధనం, దాని మీద హక్కు పూర్తిగా ఆమెదేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. భర్త దగ్గర ఉన్నా అది అతని దగ్గర అప్పగింతగా ఉన్నట్టే లెక్క అంది. అదే ఏడాది సెప్టెంబరు 5 నుంచి వర్తించేటట్టు ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. అప్పటికి ఎన్ని ఇళ్ళలో ఎంత ఇత్తడి మిగిలి ఉందో మీరే అనుకోండి.

ఇక మా ఊరి సంగతి చెప్పకపోతే మా ఊరివాళ్ళు ఊరుకోరు. 2003 ప్రాంతంలో పురపాలక కమిషనర్ ఖాదర్ సాహెబ్ హయాంలో సూర్యాపేట వీధుల్లో చెత్తకుండీలే లేకుండా చేశారు. తడి చెత్త ఒక బుట్ట, పొడి చెత్త ఒక బుట్ట, ఇంటి గడప దగ్గరికే బండి. తడిదానితో వానపాముల ఎరువు, పొడిదాన్ని ఏరి అమ్మకం. దేశంలో ఎక్కడెక్కడివాళ్ళో మా చెత్త చూడ్డానికి వచ్చారు! బుట్టలు వేరుచేసే పని మాత్రం మళ్ళీ మనదే, ఆ మాట ఏ సన్మానసభలోనూ పెద్దగా వినిపించినట్టు లేదు. 2016లో దేశమంతటికీ తెచ్చిన నిబంధనల్లో కూడా ఇంటి దగ్గరే చెత్త వేరుచేయాలని రాశారు. మా ఆడవాళ్ళకు అప్పటికే చెయ్యి తిరిగిపోయింది.

నేనిప్పుడు ఇంట్లో మూడో బుట్ట ఒకటి పెట్టాను. తడీ కాదు, పొడీ కాదు, పేరున్న సామాను. దాంట్లో వేసినదాన్ని వెంటనే అమ్మను. పేరూ, ఇచ్చినవారి పేరూ, సంవత్సరమూ ఒక నోటుబుక్కులో ఎక్కిస్తాను. ఆ వంశంవాళ్ళు ఎవరైనా ఉంటే ఫోను చేస్తాను. కొందరు ఎగిరి గంతేసి వచ్చి పట్టుకెళ్ళారు. కొందరు మాకెందుకమ్మా, ఫ్లాటులో జాగా లేదన్నారు. అదీ న్యాయమే. పేరు పుస్తకంలో ఉంది కాబట్టి వస్తువు పోయినా నాకు బెంగ లేదు.

ఫసలీ 1352 గుండిగ దగ్గర మాత్రం ఆగిపోయాను. దాని మీది పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు. మావారికి తెలియదు, మా అత్తగారికి తెలియదు. చివరికి మిర్యాలగూడ మేనత్తకు ఫోను చేసి అక్షరం అక్షరం చదివి వినిపించాను. ఎనభై ఏళ్ళ మనిషి. కాసేపు మాట్లాడలేదు.

"ఎక్కడ దొరికింది బిడ్డా అది?" అంది. "అటక మీద అత్తయ్యా, చివర మూలకు" అన్నాను.

"మా నాయిన మొదలు చేసుకున్నామెది. పురిట్లనే పోయిందట, పిల్ల కూడ దక్కలేదట. మా నాయినమ్మ నోట ఆ పేరు ఒక్కసారే విన్న. మా అమ్మ ముందట ఎవరూ అనేటోళ్ళు కాదు."

ఆమెకు ఫొటో లేదు. కాగితం లేదు. ఆబ్దికాల్లో ఆమె పేరు చెప్పినట్టు ఎవరికీ గుర్తులేదు. పుట్టింటివాళ్ళు ఏ ఊరివాళ్ళో గుండిగ మీద ఉంది. ఆ ఊరు సాగర్ కాలువ కిందే, ఇప్పటికీ ఉంది.

పోయిన గురువారం పాతసామాన్లబ్బాయి వచ్చాడు. కాటా తగిలించి ఒక్కొక్కటే వేశాడు. గుండిగ ఎత్తబోతుంటే ఇది కాదన్నాను. "పేరుందని ఉంచుకుంటున్నరా అమ్మా? పేరున్నా లేకున్నా కిలో ఒక్కటే ధర" అన్నాడు, నాకు నష్టం రాకూడదని. తెలుసు నాయనా అన్నాను. మిగతా ఏడూ తూకానికి పోయాయి.