నీల లొబీలియా

ఉత్తర అమెరికాఖండపు తూర్పు, మధ్య ప్రాంతములలో, వాగుల యొడ్డునను, చెమ్మ యారని పచ్చికబయళ్ళయందును, వెలుతురు పలుచగా దిగు అడవుల పల్లములందును పెరుగు ఈ బహువార్షిక గుల్మమునకు లినేయస్ 1753లో లొబీలియా సిఫిలిటికా యని శాస్త్రనామ మొసంగెను. ఆదివాసులు దీని వేరుతో సవాయిరోగమును మాన్పుదురని ఐరోపాకు చేరిన వార్తయే ఆ పేరునకు మూలము. అక్కడ వాడిచూడగా ఆ గుణము కానరాకపోయినను పేరు నిలిచిపోయినది. ఇందు విషప్రాయములైన ఆల్కలాయిడు లుండుటచే దీనిని తినుట ప్రమాదకరము.

రెండు మొదలు నాలుగడుగుల యెత్తున, ప్రాయికముగా కొమ్మలు లేక నిటారుగా నిలుచు కాండము, దానిపై ఏకాంతరముగా అమరిన రంపపుటంచుల ఆకులు, త్రుంపినచోట స్రవించు పాలు దీని గుర్తులు. వేసవి చివర మొదలై శరత్తువరకు కంకి అడుగునుండి పైకి పూలు విచ్చును.

పువ్వును చేతికి తీసికొని చూడవలెను. పై పెదవి రెండు తమ్మెలుగా నిక్కియుండును, క్రింది పెదవి మూడు తమ్మెలుగా వ్రాలియుండును. గొట్టపు అడుగుభాగమున తెల్లని చారలు కనిపించును. పుప్పొడితిత్తులు ఒండొంటి నంటి కీలము చుట్టు ఒక ఒరవలె ఏర్పడగా, కీలము పెరుగుచు పుప్పొడిని వెలికి నెట్టును. లోనికి చొచ్చిన బంభరపు వీపున నది యంటుకొనును. ఆ పిదపనే కీలాగ్రము బయల్వెడలి విచ్చుకొని పరపరాగమును గ్రహించును.

తెల్లపూల మొక్కలును అక్కడక్కడ కలవు గావున రంగొక్కటియే ప్రమాణము కాదు. దీనికి దగ్గరిచుట్టమైన కార్డినల్ పుష్పము కెంపువన్నెది. లొబీలియా ఇన్‌ఫ్లేటా పూలు మిక్కిలి చిన్నవి, దాని కాయలు బూరవలె ఉబ్బియుండును. మన పడమటి కనుమలలోని లొబీలియా నికోషియానిఫోలియా ఈ ప్రజాతిలోనిదే.