సిరాచుక్క దారి: ఇంక్‌జెట్ హెడ్డు ఏల పూడిపోవును?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దల సామెత. విజయవాడలో మే నెల ఎండ తరచుగా 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటును. రోళ్ళ మాట యెట్లున్నను, ఆ ఎండలలో ఇంటిలో చప్పుడు లేకుండ మూలపడు వస్తువు ఒకటి కలదు. అది బల్లపై గుడ్డ కప్పి యుంచిన ఇంక్‌జెట్ ప్రింటరు. మార్చిలో ఇంటర్మీడియెట్ పరీక్షలు ముగిసినది మొదలు దానిని ఎవరును ముట్టుకొనరు. ప్రవేశ పరీక్షకు హాల్ టికెట్టు కావలసిన రాత్రి దానిని నడుపగా అక్షరములకు అడ్డముగా తెల్లని చారలు పడును. నలుపు అసలే రాకపోవచ్చును. ఎఱ్ఱ సిరా రాక అభ్యర్థి ఛాయాచిత్రము పచ్చబారవచ్చును.

యంత్రము చెడిపోయినదని తలచి కొందరు దానిని పాత సామానులవానికి అమ్మివేయుదురు. కాని చాల సందర్భములలో చెడినది యంత్రము కాదు. వెంట్రుకకంటె సన్నని రంధ్రములో సిరా ఎండినది, అంతే. సిరా కాగితముపై వెంటనే ఎండవలెను. రంధ్రములో మాత్రము ఎన్నడును ఎండరాదు. ఒకదానికొకటి విరుద్ధమైన ఈ రెండు కోరికలను ఒకే ద్రవముచే తీర్పించుటకు శాస్త్రజ్ఞులు పడిన పాట్లే ఇంక్‌జెట్ చరిత్రలో పెద్ద భాగము. ఆ చరిత్ర తెలిసినచో ఇంటిలోని హెడ్డును బాగుచేయు పద్ధతియు సులభముగా బోధపడును.

అచ్చుకూటపు పాత నియమము

కృష్ణా డెల్టాకు అచ్చుపని కొత్త కాదు. బందరులో 1902లో ‘కృష్ణా పత్రిక’ వెలువడెను. విజయవాడ నుండి 1952లో ‘విశాలాంధ్ర’, 1960లో ‘ఆంధ్రజ్యోతి’ దినపత్రికలు ప్రారంభమైనవి. సీసపు అక్షరములతో అచ్చువేసిన ఆ దినములలో సిరా నూనెతో చేసిన చిక్కని ముద్ద. దానిని రోలరుతో అక్షరములపై పూసెడివారు. పని ముగిసినంతనే అక్షరములను, రోలర్లను కిరసనాయిలుతో తుడుచుట అచ్చుకూటములలో వాడుక. తుడువక విడిచినచో మరునాడు సిరా గట్టిపడి అక్షరము మొగము పూడిపోవును.

సిరాకలము వాడినవారికిని ఈ బాధ తెలిసినదే. రాజమండ్రిలో 1932లో ప్రారంభమైన రత్నం పెన్నులు తెలుగువారికి సుపరిచితములు. అటువంటి కలమును కొన్ని వారములు వ్రాయక ఉంచినచో పాళీ క్రింది సన్నని గాడిలో సిరా ఎండిపోవును. అప్పుడు కలమును విరుగగొట్టు వారెవరును లేరు. గోరువెచ్చని నీటిలో నానవేసి, కడిగి, తుడిచి మరల సిరా పోసికొందురు. ఇంక్‌జెట్ హెడ్డు అట్టి గాళ్ళు వందలకొలది గల కలము వంటిది. ఒక్కొక్క రంధ్రము వ్యాసము సుమారు 20 మైక్రానులు మాత్రమే. మానవుని వెంట్రుక సుమారు 70 మైక్రానుల లావుండును. ఆ రంధ్రము నుండి వచ్చు చుక్క 10 పికోలీటర్లనుకొన్నచో, ఒక్క మిల్లీలీటరు సిరాలో 10 కోట్ల చుక్కలు పట్టును.

ధార చుక్కలగుట

కుళాయిని కొద్దిగా త్రిప్పినప్పుడు పైన దారమువలె నున్న నీటిధార కొంతదూరము పోయి చుక్కలుగా తెగిపోవుటను అందరును చూచియుందురు. ద్రవముయొక్క తలతన్యత ఉపరితలమును సాధ్యమైనంత చిన్నదిగా చేయ జూచుటచే ఇట్లు జరుగును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సవార్ 1833లో ఈ విషయమును పరిశీలించెను. ఇంగ్లండులో రేలీ ప్రభువు 1878లో దీనిని గణితముచే వివరించెను.

అంతకు ముందే, 1867లో, విలియం థామ్సన్ (తరువాత కెల్విన్ ప్రభువు) సముద్రగర్భ తంతివార్తలను వ్రాయుటకు ఒక పరికరమునకు పేటెంటు పొందెను. తీగ ద్వారా వచ్చు విద్యుత్తు అతి బలహీనము. కలము కాగితమును రాచినచో ఆ కొద్ది శక్తియు ఘర్షణకే చాలదు. అందుచే అతడు సన్నని గాజుగొట్టము నుండి సిరాను విద్యుదాకర్షణచే కాగితముపైకి చిమ్మించెను. కలము కాగితమును తాకకుండ వ్రాయుట అను భావమునకు ఇది తొలి రూపము.

స్వీడను దేశీయుడు రూనే ఎల్మ్‌క్విస్ట్ గుండె కదలికల వంటి వేగవంతమగు సంకేతములను సిరాధారతో వ్రాయు పరికరమును నిర్మించెను. దానికి అమెరికాలో 1951లో పేటెంటు లభించెను. 1958లో రోగి శరీరములో అమర్చిన మొట్టమొదటి పేస్‌మేకరును నిర్మించినవాడును ఇతడే. 1960 తరువాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో రిచర్డ్ స్వీట్ ధారను సమానమైన చుక్కలుగా తెంచి, ఒక్కొక్క దానికి విద్యుదావేశమునిచ్చి, కావలసిన చోటికి మళ్ళించెను. అక్కరలేని చుక్కలు మరల తొట్టిలోనికే పోవును. మందుల పెట్టెలపై, నీటి సీసాలపై తేదీలు ముద్రించుటకు నేటికిని ఈ పద్ధతిని వాడుచున్నారు. ఇందులో పని జరుగునంతసేపు ధార ఆగదు. పారు కాలువలో ఒండ్రు నిలువనట్లే, పారు రంధ్రములో సిరా ఎండుటకు అవకాశము తక్కువ. అయితే పంపులు, వడపోత సాధనములు కావలసిన ఈ యంత్రము ఇంటికి పనికిరాదు.

అడిగినపుడే చుక్క

ఇంటికి కావలసినది అడిగినపుడు మాత్రమే చుక్కను విడిచి, తక్కిన వేళ ఊరకుండు యంత్రము. పూడిపోవు బాధ ఇంటిలో ప్రవేశించినది ఈ ‘ఊరకుండుట’తోనే.

దీనికి రెండు మార్గములు ఏర్పడినవి. మొదటిది పీజో విద్యుత్ పద్ధతి. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి. విద్యుత్తు ఇచ్చినచో అవి వంగుట దీనికి విపర్యయము. అట్లు వంగు పలక సిరా గదిని నొక్కగా చుక్క బయటపడును. 1970 తరువాత ఈ పద్ధతితో ప్రింటర్లు వచ్చినవి.

రెండవది ఉష్ణపద్ధతి. జపానులోని కానన్ సంస్థలో 1977లో ఇచిరో ఎండో వేడి సోల్డరింగ్ ఇనుము ఒకటి సిరా నింపిన సిరింజి సూదికి తగులగా సూది మొన నుండి సిరా చిమ్ముటను గమనించెను. అమెరికాలో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థలో జాన్ వాట్ 1979లో స్వతంత్రముగా ఈ మార్గమునే పట్టెను. ఈ పద్ధతిలో రంధ్రము వెనుకనున్న చిన్న తాపకము కొన్ని మైక్రోసెకండ్లలో 300 డిగ్రీలు దాటును. సిరా పలుచని పొర ఆవిరి బుడగయై ముందున్న సిరాను నెట్టివేయును.

ఈ తాపకములపై క్రమముగా ఒక పొర పేరుకొనును. దానికి ఇంజనీర్లు పెట్టిన పేరు ‘కోగేషన్’. మాడుట అను అర్థముగల జపాను మాట నుండి అది పుట్టినది. పాలు కాచిన గిన్నె అడుగున అంటు మాడువంటిదే ఇది.

1984లో వచ్చిన థింక్‌జెట్ ప్రింటరులో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ పూడిపోవు బాధకు సూటియైన ఉపాయము చూపెను. హెడ్డును సిరాబుడ్డితో కలిపి ఒకే కార్ట్రిజ్‌గా చేసి, సిరా అయిపోగానే రెంటిని కలిపి పారవేయుమనెను. పూడినను మాడినను కొత్త కార్ట్రిజ్‌తో కొత్త హెడ్డు వచ్చును. దీనివలన బాధ తగ్గినది కాని ఖర్చు పెరిగినది. ఎప్సన్ వంటి సంస్థలు హెడ్డును యంత్రములోనే స్థిరముగా నుంచినవి. 2010లో ఇండోనేషియాలో మొదలై మన దేశమునకును వచ్చిన పెద్ద సిరాతొట్ల ప్రింటర్లలో సిరా చౌక. కాని హెడ్డు స్థిరమైనదగుటచే దానిని కాపాడుకొను భారము ఇంటివారిపై పడినది.

ఒండ్రు తోయు తూములు

1855లో బెజవాడవద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తియైనపుడు కాలువల తలుపులకు చేరువగా ఒండ్రును తోసివేయుటకు వేరుగా తూములను ఉంచిరి. 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజిలోను ఆ ఏర్పాటు కలదు. పూడిక తప్పదని ముందే యెంచి కట్టుట మంచి ఇంజనీరు లక్షణము.

ప్రింటరు నిర్మాతలును అట్లే చేసిరి. త్వరగా ఎండకుండ సిరాలో గ్లిజరిన్ వంటి తేమను పట్టియుంచు పదార్థములను కలిపిరి. పని లేనపుడు హెడ్డు కుడిమూలకు పోయి రబ్బరు మూతపై కూర్చుండునట్లు చేసిరి. మొగమును తుడుచుటకు రబ్బరు పట్టీని, రంధ్రముల నుండి సిరాను పీల్చుటకు చిన్న పంపును అమర్చిరి. ‘హెడ్ క్లీనింగ్’ అని యంత్రములో కనబడు ఆజ్ఞ ఈ పంపును నడుపునదే.

ఇంటిలో ఒక్క తప్పుచే ఈ ఏర్పాటంతయు వ్యర్థమగును. ప్రింటరును దాని మీట నొక్కి ఆపక, గోడ స్విచ్చి తీసివేయుట అలవాటు. అచ్చు నడుమ కరెంటు పోవుటయు కలదు. రెండు సందర్భములందును హెడ్డు మూతపైకి చేరక పోవచ్చును. తెరచియున్న రంధ్రములలో వేసవిగాలికి నీరు ఆవిరియై రంగు మిగులును.

రోగమును గుర్తించుట

మందుకు ముందు నాడి చూడవలెను. ఇందుకు ప్రింటరులోనే ‘నాజిల్ చెక్’ అను నమూనా కలదు. దానిని రెండుసార్లు అచ్చువేసి పోల్చవలెను. గీతలు రెండిటిలోను ఒకే చోట లేకున్నచో ఆ రంధ్రములు పూడినవనియో, చచ్చినవనియో అర్థము. లోపించిన చోటు మారుచున్నచో లోపల గాలి చేరినది. గాలి నొక్కుడుకు లొంగును గనుక పీజో పలక తోపు చుక్కను చేరదు. ఒక రంగు పూర్తిగా లేనిచో ముందు సిరా మట్టమును, గాలిరంధ్రముపై అంటించిన పట్టీ తీసినదియు లేనిదియు చూడవలెను. నమూనా సరిగా నుండి అచ్చులో మాత్రము చారలు పడుచున్నచో దోషము హెడ్డు అమరికలోనో, కాగితములోనో ఉండును.

పూడికయైనచో హెడ్ క్లీనింగ్‌ను రెండు మూడు సార్లకు మించి వరుసగా చేయరాదు. ప్రతిసారియు సిరా వ్యయమై అడుగుననున్న పీల్చు మెత్తలో చేరును. అది నిండినచో యంత్రమే ఆగిపోవును. ఒక రాత్రి ఊరకుంచి మరల పరీక్షింపవలెను. ఎండిన సిరా కొత్త సిరాలో నానుటకును, గాలి తొలగుటకును కాలము కావలెను.

అప్పటికిని రానిచో కరెంటు తీసి, పోగులు రాలని గుడ్డను తడిపి మూత అంచులను, తుడుచు పట్టీని శుభ్రము చేయవలెను. మూత సరిగా అంటనిచో పంపు గాలినే పీల్చును. కార్ట్రిజ్‌తో కూడిన హెడ్డైనచో గోరువెచ్చని నీట తడిపిన మెత్తపై రంధ్రముల వైపును ఒకటి రెండు నిమిషములుంచి అద్దవలెను. రాగి స్పర్శలను తడపరాదు. స్థిరమైన హెడ్డైనచో దాని క్రింద తడిమెత్తను కొన్ని గంటలుంచవచ్చును. నీరు బ్యాటరీలకు పోయు డిస్టిల్డ్ వాటరే కావలెను. సముద్రమునకు దగ్గరగానున్న బందరు ప్రాంతపు ఉప్పునీరు ఎండినచో తానే రంధ్రమును పూడ్చును. అచ్చుకూటపు కిరసనాయిలు గాని, ఫ్లెక్సీ యంత్రములకు వాడు ద్రావణి గాని ఇంటి హెడ్డుకు తగదు. అవి జిగురును, రబ్బరును చెడగొట్టగలవు. సిరింజితో బలముగా నెట్టినచో లోపలి పలుచని పొర చిరుగవచ్చును. ఒక జాతి సిరాలో మరియొక జాతి సిరా పోసినచో రంగు విరిగి అడుగునకు దిగవచ్చును.

వారము గడచినను అవే గీతలు లోపించుచున్నచో తాపకము కాలినదనియో, పీజో పలక పనిచేయుట లేదనియో తలచవలెను. దానికి నీరు మందు కాదు. కార్ట్రిజ్ హెడ్డును మార్చవచ్చును. స్థిరమైన హెడ్డు వెలను కొత్త యంత్రము వెలతో పోల్చి నిర్ణయించుకొనవలెను.

ఇంత శ్రమ రాకుండుటకు మార్గము సులభము. వారమునకొకసారి అన్ని రంగులు గల ఒక్క పుట అచ్చువేయవలెను. యంత్రమును దాని మీటతోనే ఆపవలెను. కరెంటు పోయి వచ్చినపుడు మరల నడిపి, హెడ్డు మూతపై చేరిన పిదప ఆపవలెను. వేసవిలో ఊరికి పోవు కుటుంబము తలుపు తాళము చూచుకొన్నట్లే ఈ మూతను చూచుకొన్నచో, హాల్ టికెట్టు కావలసిన రాత్రి విద్యార్థి నెట్‌సెంటరు తలుపు తట్టవలసిన పని ఉండదు.