టీవీ యాంటెన్నా: డాబా మీది ఏరియల్ చరిత్ర, ఎంపిక, వాడకం

ట్రాన్స్‌మిటర్ గాలిలోకి వదిలిన టెలివిజన్ తరంగాలను అందుకొని, తీగ ద్వారా టీవీ పెట్టెకు చేర్చే లోహపు అమరికను టీవీ యాంటెన్నా అంటారు. ఏరియల్ అన్న పేరు కూడా వాడుకలో ఉంది. కేబుల్ కనెక్షను, నెలనెలా చందా, ఇంటర్నెట్ ఏవీ లేకుండా భూతల ప్రసారాలను చూడటానికి ఇదొక్కటే సాధనం. తెలుగునాట 1970ల చివరి నుంచి సుమారు రెండు దశాబ్దాల పాటు ఏ ఇంట్లో టీవీ ఉందో వీధిలో నుంచే తెలిసేది. పెంకుటిల్లయినా, డాబా అయినా పైన జి.ఐ. పైపు, దాని కొసన చేప ముల్లులా అల్యూమినియం కడ్డీల వరుస కనిపిస్తే ఆ ఇంట్లో టీవీ ఉన్నట్టే.

పుట్టుక

రేడియో తరంగాలు ఉన్నాయని 1887లో ప్రయోగం చేసి చూపిన జర్మన్ శాస్త్రవేత్త హైన్రిష్ హెర్ట్జ్, ఎదురెదురుగా పెట్టిన రెండు లోహపు కడ్డీలను వాడాడు. డైపోల్ అనే ఆ జంట కడ్డీయే నేటి యాంటెన్నాలన్నిటికీ మూలం. డాబాల మీద మనం చూసిన రూపం మాత్రం జపాన్‌లో, సెందాయ్ నగరంలోని తొహోకు ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో తయారైంది. డైపోల్‌కు వెనుక కొంచెం పొడవైన కడ్డీని, ముందు కొంచెం పొట్టి కడ్డీలను తీగలతో కలపకుండా కేవలం వరుసగా నిలబెడితే, తరంగాలు ఒకే దిక్కు నుంచి బలంగా అందుతాయని షింతారో ఉదా కనుగొన్నాడు. ఆయన పరిశోధనకు పెద్దగా ఉన్న ఆచార్యుడు హిదెత్సుగు యాగి. 1926లో జపాన్‌లో వెలువడ్డ ఈ పని, 1928లో యాగి ఇంగ్లీషులో రాసిన వ్యాసంతో బయటి ప్రపంచానికి తెలిసింది. అందువల్ల దీనికి యాగి యాంటెన్నా అన్న పేరే స్థిరపడింది. కష్టంలో ఎక్కువ పాలు ఉదాదే కాబట్టి యాగి-ఉదా యాంటెన్నా అనడమే న్యాయం.

స్వదేశంలో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1942లో సింగపూర్‌ను స్వాధీనం చేసుకున్న జపాన్ సైన్యానికి బ్రిటిష్ రాడార్ గురించిన రాతప్రతి ఒకటి దొరికింది. అందులో మాటిమాటికీ కనిపించిన ‘యాగి’ ఏమిటో వారికి అంతుపట్టలేదు. అది జపాన్ వ్యక్తి పేరేనని పట్టుబడిన యుద్ధఖైదీ చెప్పాల్సి వచ్చింది. యుద్ధం ముగిసి ఇళ్లలోకి టెలివిజన్ వచ్చాక ఇదే అమరిక ప్రపంచమంతటా ఇంటికప్పులు ఎక్కింది.

పనిచేసే తీరు

వరుసలో డైపోల్ తప్ప మిగతా కడ్డీలన్నీ ఉత్త సహాయకులే. టీవీకి పోయే తీగ తగిలించేది ఒక్క డైపోల్‌కే. భారతదేశంలో ఇది ఎక్కువగా మడత డైపోల్, అంటే రెండు కొసలూ వంచి కలిపిన పొడుగాటి వలయం. దాని పొడవు అందుకోవాల్సిన తరంగదైర్ఘ్యంలో సుమారు సగం ఉండాలి. భారతీయ ప్రసారాల్లో 4వ చానల్ 61 నుంచి 68 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. దానికి రెండు మీటర్లకు పైబడిన డైపోల్ కావాలి. 174 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలయ్యే 5వ చానల్‌కు దాదాపు 80 సెంటీమీటర్లు చాలు. 500 మెగాహెర్ట్జ్ ప్రాంతపు యుహెచ్‌ఎఫ్ చానళ్లకైతే ఒక అడుగు కూడా అక్కర్లేదు. ఒక ఊళ్లో చక్కగా పనిచేసిన యాంటెన్నా, చానల్ వేరైన మరో ఊరికి తీసుకెళ్తే దాదాపు పనికిరాకుండా పోయేది ఇందుకే. బదిలీల మీద ఊళ్లు మారిన ఉద్యోగుల కుటుంబాలకు ఈ సంగతి అనుభవమే.

టీవీ తరంగాలు భూమి వంపును దాటి ఎంతో దూరం పోలేవు. టవర్ ఎత్తు, యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకొని, ఒక్కోదాని వర్గమూలం కట్టి, రెండింటినీ కూడి 4.12తో గుణిస్తే చూపుదూరం కిలోమీటర్లలో వస్తుంది. 100 మీటర్ల టవర్‌కు, నేల నుంచి 10 మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకు ఇది 54 కిలోమీటర్లు. యాంటెన్నాను 20 మీటర్లకు పెంచినా మరో ఐదారు కిలోమీటర్లే కలిసొస్తాయి. అయినా చుట్టుపక్కల మేడలను, కొబ్బరి చెట్లను దాటడానికి ఆ ఎత్తు అక్కరకొస్తుంది.

తెలుగు నేల మీద

భారతదేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. పదమూడేళ్లకు, 1972లో, బొంబాయికి చేరింది. మన పల్లెలకు మాత్రం అది ముందుగా ఆకాశం నుంచి దిగింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ‘సైట్’ అనే టీవీ ప్రయోగం జరిగింది. దానికి ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాల్లో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. సుమారు పది అడుగుల వెడల్పున్న జాలీ గొడుగుల్లాంటి డిష్ యాంటెన్నాలను పంచాయతీ ఆఫీసుల దగ్గర, బడుల దగ్గర నిలబెట్టారు. వాటికి తగిలించిన టీవీ పెట్టెలను హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ సంస్థ తయారు చేసింది. తెలుగు పల్లె జనం సొంత భాషలో టీవీ చూసింది అప్పుడే. ఏడాది గడువు తీరగానే ఉపగ్రహం మరలిపోయింది.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. నాటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి దాన్ని ప్రారంభించారు. స్టూడియో రామంతాపూర్‌లో ఏర్పడింది. మలక్‌పేట వైపు టీవీ టవర్ పేరు ఆ ప్రాంతానికి గుర్తుగా నిలిచిపోయింది. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ తొలి తెలుగు వార్తలు చదివారు. ఆ ప్రసారాలన్నీ నగరం, దాని చుట్టుపక్కల వరకే.

1982లో రంగుల ప్రసారాలు, ఆసియా క్రీడలు, ఇన్సాట్ ఉపగ్రహాలు ఒక్కసారిగా వచ్చాయి. ఊరూరా ట్రాన్స్‌మిటర్లు పెట్టాలన్న ప్రణాళిక వేగం పుంజుకొని, 1984లో దేశం మొత్తం మీద దాదాపు రోజుకొకటి చొప్పున ప్రారంభించిన నెలలున్నాయి. వీటిలో ఎక్కువ భాగం 100 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్లు. పాతిక కిలోమీటర్లు దాటితే వాటి బొమ్మ నిలిచేది కాదు.

ఈ విస్తరణలోని పెద్ద లోపం భాష. ఉపగ్రహం నుంచి వచ్చిన ఢిల్లీ కార్యక్రమాలనే చిన్న ట్రాన్స్‌మిటర్లు తిరిగి వదిలేవి. తమ ఊళ్లోనే టవర్ ఉన్నా తెలుగు వారికి దొరికింది హిందీ. హైదరాబాద్ తెలుగు కార్యక్రమాలు కావాలంటే దూరపు పెద్ద ట్రాన్స్‌మిటర్ వైపు యాంటెన్నా తిప్పుకోవాలి. అందుకే అంచు ఊళ్లలో పైపు మీద పైపు వేసి యాంటెన్నాలను అంతెత్తుకు లేపారు, బూస్టర్లు కొన్నారు. శుక్రవారం ‘చిత్రలహరి’ పాటల కోసం ఒక మనిషి డాబా ఎక్కడం, ఒకరు కిటికీ దగ్గర, ఒకరు టీవీ ముందు నిలబడటం మామూలు. “వచ్చిందా?” “చుక్కలు పోయాయి అన్నయ్యా, గీతలు ఉన్నాయి. ఇంకొంచెం తిప్పు. ఆఁ, అక్కడే ఆపు!” పైవాడు చెయ్యి తీయగానే బొమ్మ మళ్లీ చెదిరేది. ఎందుకంటే మనిషి ఒళ్లు కూడా తరంగాలను మళ్లిస్తుంది. చెయ్యి తీసి రెండడుగులు పక్కకు జరిగాకే బొమ్మ చూసి నట్టు బిగించాలన్నది అప్పటి మెకానిక్కులందరికీ తెలిసిన పద్ధతి.

వేసవిలో, ముఖ్యంగా సముద్రతీరాన, వాతావరణపు పొరలు తరంగాలను వంచి చాలా దూరం మోసుకుపోయే రోజులుంటాయి. 1982లో మొదలైన శ్రీలంక రూపవాహిని తమిళనాడు తీరంలో అలాగే దొరికేది. వాతావరణం మారగానే పోయేది.

అప్పట్లో టీవీకి లైసెన్సు ఉండేది. 1980ల నడుమ రద్దయ్యే దాకా పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టేవారు. ఆ తర్వాతే యాంటెన్నాతో టీవీ చూడటం నిజంగా ఉచితమైంది. 1987 జనవరిలో రామాయణం, 1988 అక్టోబరులో మహాభారతం మొదలవడంతో యాంటెన్నాల అమ్మకం ఊపందుకుంది. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక కేబుల్ తీగ వీధి వీధికీ పాకింది. యాంటెన్నాలను పైపులతో సహా పాత ఇనుము వాళ్లకు అమ్మేశారు. కొన్ని బట్టలారేసే తీగలకు గుంజలయ్యాయి.

ఎంపిక

యాంటెన్నా కొనేవారు మొదట తెలుసుకోవాల్సింది ధర కాదు, మూడు సంగతులు: ట్రాన్స్‌మిటర్ ఏ దిక్కున ఉంది, ఎంత దూరంలో ఉంది, ఏ బ్యాండ్‌లో, అంటే ఏ తరంగాల శ్రేణిలో, ప్రసారం చేస్తోంది. ఇవి తేలితే సగం పని అయినట్టే. కడ్డీలు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదన్నది సగం నిజం. ఎక్కువ కడ్డీలు దూరపు ప్రసారాన్ని బలంగా పడతాయి, కానీ అంత ఇరుకైన దిక్కుకే పరిమితమవుతాయి. పది కిలోమీటర్లలో టవర్ ఉన్న ఇంటికి నాలుగైదు కడ్డీలది చాలు.

‘డిజిటల్ యాంటెన్నా’, ‘హెచ్‌డీ యాంటెన్నా’, ‘4కే యాంటెన్నా’ అన్న పేర్లు అంగడి పేర్లే. లోహపు కడ్డీకి తన మీద పడ్డ తరంగంలో ఉన్నది పాత పద్ధతి బొమ్మో, డిజిటల్ అంకెలో తెలియదు. బ్యాండ్ సరిపోతే ముప్పై ఏళ్ల నాటి యాంటెన్నా కూడా డిజిటల్ ప్రసారాన్ని అందుకుంటుంది. ఆ పేర్లు చూసి ఎక్కువ డబ్బు పెట్టవద్దు.

బూస్టర్ గురించి కూడా ఒక మాట. అది వచ్చిన ప్రసారాన్ని పెంచుతుంది, దాంతోపాటు రొదనూ పెంచుతుంది. లేని ప్రసారాన్ని పుట్టించలేదు. దాన్ని పైన యాంటెన్నా దగ్గరే బిగించాలి, ఎందుకంటే పొడుగాటి కేబుల్‌లో పోయే నష్టం జరగకముందే ప్రసారం పెరగాలి. టీవీ వెనుక పెట్టినది దాదాపు వృథా. ట్రాన్స్‌మిటర్ మరీ దగ్గరైతే బూస్టరే బొమ్మను చెడగొడుతుంది.

వాడకం

భారతదేశంలో టీవీ ప్రసారాలు అడ్డంగా ఊగే తరంగాలు కాబట్టి కడ్డీలు నేలకు సమాంతరంగా ఉండాలి. పొట్టి కడ్డీల వైపు ట్రాన్స్‌మిటర్‌ను చూడాలి. ఎంతోమంది దీన్ని తిరగేసి బిగించి, బొమ్మ సరిగ్గా లేదని బూస్టర్ కొనుక్కున్నారు.

పాత ప్రసారాల్లో బొమ్మ పక్కనే నీడలా మరో బొమ్మ కనబడేది. కొండకో, నీళ్ల ట్యాంకుకో తగిలి తిరిగొచ్చిన తరంగం నేరుగా వచ్చినదానికంటే 300 మీటర్లు ఎక్కువ నడిస్తే మైక్రోసెకను ఆలస్యమవుతుంది. ఒక గీత తెర దాటడానికి 52 మైక్రోసెకన్లు పట్టే పద్ధతిలో, 20 అంగుళాల టీవీ మీద ఆ నీడ ముప్పాతిక సెంటీమీటరు పక్కకు పడుతుంది. ఆ నీడ దూరం కొలిచి ఏ గుట్ట కారణమో అంచనా వేయవచ్చు. యాంటెన్నాను కొంచెం పక్కకు తిప్పి ఆ గుట్ట వైపు వీపు పెడితే నీడ పోయేది, అసలు బొమ్మ కొంచెం మసకబారినా సరే.

చెడిపోయేది ఎక్కువగా కడ్డీలు కావు, డైపోల్ నడుమ ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బా. మూత తీస్తే రెండు బోల్టులు, వాషర్ల కింద తీగ కొసలు కనిపిస్తాయి. రెండు వానాకాలాలు గడిచాక రాగి మీద పచ్చటి చిలుము పడుతుంది, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇంకా త్వరగా. సానకాగితంతో రుద్ది, తిరిగి బిగించి, మూత చుట్టూ మైనం పూస్తే చాలాసార్లు పోయిన బొమ్మ తిరిగొస్తుంది. చదునుగా ఉండే పాత రిబ్బన్ తీగ 300 ఓమ్‌ది, గుండ్రటి కోయాక్సియల్ కేబుల్ 75 ఓమ్‌ది. మడత డైపోల్‌కు కోయాక్సియల్ కలపాలంటే మధ్యలో బేలన్ అనే చిన్న ముక్క ఉండాలి. కేబుల్ ఇంట్లోకి దిగే చోట కిందికి ఒక వంపు వదిలితే వాన నీరు అక్కడే కారిపోతుంది.

పైపును కరెంటు తీగలకు దూరంగా నిలబెట్టాలి. పైపు పొడవు కంటే ఎక్కువ దూరం లేకపోతే అది పడినప్పుడు తీగలను తాకుతుంది. దానికి ఎర్త్ ఇవ్వాలి. ఉరుములప్పుడు, తుపాను గాలిలో డాబా ఎక్కి తిప్పకూడదు.

డిజిటల్ తర్వాత

డిజిటల్ ప్రసారంలో చుక్కలు, నీడలు ఉండవు. బలం సరిపోతే బొమ్మ పూర్తిగా వస్తుంది, తగ్గితే గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోతుంది. అందుకని కన్నుతో కాకుండా టీవీలోని సిగ్నల్ కొలమానం చూసి తిప్పాలి, తిప్పాక చానళ్లను మళ్లీ వెతికించాలి.

అమెరికా పెద్ద ట్రాన్స్‌మిటర్లన్నీ 2009 జూన్ 12 నాటికి డిజిటల్‌కు మారాయి. బ్రిటన్‌లో ఆ మార్పు 2012లో పూర్తయింది. ఆ దేశాల్లో యాంటెన్నా ఇంకా బతికే ఉంది. డాలస్ ప్రాంతంలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో నుంచి చూస్తే టీవీ టవర్లున్న సీడర్ హిల్ సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, దాదాపు నేరుగా దక్షిణాన ఉంది. కాలనీ సంఘాలు యాంటెన్నాలను ఊరికే నిషేధించకూడదని 1996 నుంచి కేంద్ర నిబంధన ఉంది. తెర మీది చానల్ నంబరును నమ్మి యాంటెన్నా కొనకూడదు. డిజిటల్‌కు మారినప్పుడు చాలా స్టేషన్లు పాత నంబరే చూపిస్తూ వేరే తరంగం మీదికి వెళ్లాయి.

భారతదేశంలో దారి వేరుగా సాగింది. డిజిటల్ భూతల ప్రసారాలు 2016లో కొన్ని పెద్ద నగరాల్లో మొదలైనా ప్రజల్లోకి వెళ్లలేదు. పాత ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చి 31 నాటికి, వ్యూహాత్మకంగా ముఖ్యమైన యాభై దాకా చోట్లు మినహా, మూసివేయాలని దూరదర్శన్‌ను నడిపే ప్రసారభారతి నిర్ణయించింది. ఖర్చు లెక్కల్లో అది సబబే కావచ్చు. కానీ తుపానులో కేబుల్ తెగి, సెల్ టవర్లు ఆగిన జిల్లాకు గాలిలో నేరుగా వార్త చేర్చే దారి ఒకటి తగ్గింది. తీరప్రాంతం ఉన్న దేశం దాన్ని ఇంత తేలిగ్గా వదులుకోవాల్సింది కాదు.

ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లో చందా లేకుండా టీవీ చూడాలనుకునేవారికి మిగిలింది 2004లో డీడీ డైరెక్ట్ ప్లస్‌గా మొదలైన డీడీ ఫ్రీ డిష్. దానికి కడ్డీల యాంటెన్నా పనికిరాదు. చిన్న గొడుగు (డిష్), సెట్‌టాప్ బాక్స్ కావాలి. హైదరాబాద్‌లో ఆ గొడుగును ఆగ్నేయం వైపు, నేల నుంచి సుమారు 63 డిగ్రీల ఎత్తున ఉన్న జీశాట్-15 ఉపగ్రహానికి గురిపెట్టాలి. పాత డాబా మీద యాంటెన్నా పైపు గట్టిగా నిలబడి ఉంటే తీసేయకండి, గొడుగు బిగించడానికి అది పనికొస్తుంది.