చౌక అంగళ్ళు – సుభిక్ష నేర్పిన పాఠము

కృష్ణగిరి నుండి హోసూరు పోవు రహదారిలో కుందారపల్లి సంత యెరుగనివారు మన ప్రాంతమున అరుదు. శుక్రవారమునాడు రైతు మేకను తోలుకొని వచ్చును, కొనువాడు బేరమాడును, రొక్కము చేతులు మారును. అచ్చట మేడలు లేవు, దీపాలంకారములు లేవు. అమ్మకపు ఖర్చు తగ్గినచో ధర తగ్గును. చౌక వర్తకమునకు మూలసూత్రము ఇదియే.

పట్టణములకును ఈ సూత్రము క్రొత్త కాదు. ఇంగ్లండులో రాచ్‌డేలు పనివారు 1844లో చూపిన మార్గమున, 1904లో మద్రాసు తిరువళ్ళిక్కేణిలో వినియోగదారుల సహకార సంఘము వెలసినది. సరియైన తూకము, సరసమైన ధర దాని ఆశయము.

1997లో అదే నగరమున ఆర్. సుబ్రహ్మణ్యన్ అను విద్యాధికుడు "సుభిక్ష" అను అంగడి తెరచెను. దుర్భిక్షమునకు ఎదురుమాట గదా సుభిక్షము! అంగళ్ళు చిన్నవి, చల్లదనపు యంత్రములు లేవు. బియ్యము, పప్పులు, సబ్బులతోపాటు మందులు కూడ అచ్చువేసిన ధరకంటె తక్కువకే అమ్మిరి. సరకును పెద్దమొత్తమున కొని, సొమ్ము త్వరగా చెల్లించి, అందువలన దొరకిన తగ్గింపును కొనువారికి పంచుట వారి పద్ధతి. నెలజీతముపై సంసారము నడుపుకొను కుటుంబములకు ఇది గొప్ప సాయమైనది.

2006 వరకు సుభిక్ష తమిళనాటనే ఉండెను. అంగళ్ళు సుమారు 150. అటుపిమ్మట ఆంధ్రదేశముతో సహా దేశమంతట వ్యాపించి, 2008 నాటికి సుమారు 1,600 అంగళ్ళైనవి. ఇంత పెరుగుదలకు సొంత మూలధనము చాలలేదు, అప్పే ఆధారమైనది. ఆ యేడే ప్రపంచమంతట ఆర్థిక సంక్షోభము వచ్చి అప్పు పుట్టుట కష్టమైనది. రొక్కమిచ్చి చౌకగా కొనుటయే బలముగా గలవారికి రొక్కమే కరువైనది. సరకు రాక అరలు ఖాళీపడినవి. 2009 ఆరంభమున అంగళ్ళు మూతపడినవి. జీతములు రాని ఉద్యోగులును, బాకీలు రాని సరకుదారులును వీధిన పడిరి.

దీనికి ప్రక్కనే మరియొక చరిత్ర కలదు. రాధాకిషన్ దమానీ 2002లో ముంబయి పోవయిలో మొదటి డీమార్టును తెరచెను. వారును చౌకగానే అమ్మిరి. సరకుదారులకు త్వరగానే చెల్లించిరి. కాని సాధ్యమైనంతవరకు అద్దెకు పోక సొంత కట్టడములు సంపాదించుకొని, ఒక ప్రాంతమున నిలద్రొక్కుకొనిన పిదపనే మరియొక ప్రాంతమునకు పోయిరి. 2017 మార్చి నాటికి వారి అంగళ్ళు 131 మాత్రమే. ఆ సంస్థ నిలిచినది. తెలుగు రాష్ట్రములలోను విస్తరించినది.

సోదర సోదరీమణులారా! పొట్ట చేతబట్టుకొని వచ్చి, పరాయి ఊళ్ళలో చిన్న అంగళ్ళు పెట్టుకొని బిడ్డలను చదివించుకొన్నవారు మనలో ఎందరో కలరు. రెండవ అంగడి తెరచుటకు అప్పుపత్రముపై వ్రాలు చేయబోవునాడు ఈ రెండు చరిత్రలను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. చౌక ధర సుభిక్షను కూల్చలేదు, తొందర కూల్చినది. నిదానమే ప్రధానమని పెద్దలు ఊరక అనలేదు. ఈ నూతన సంవత్సరము మీ యింట నిజమైన సుభిక్షము నింపుగాక!